మాటల్లేని బావగార్లూ, నా మనస్తత్వశాస్త్రమూ

బి.ఎడ్. చదివే ఏడాది మాకొక రికార్డు రాయాల్సి ఉండేది. దాని పేరు వ్యక్తి అధ్యయనం. ప్రాక్టీసు టీచింగుకి వెళ్లిన బళ్లో ఒక సమస్యాత్మక శిశువుని ఎంచుకోవాలి. వాడి ఇల్లూ వాకిలీ, తిండీ తిప్పలూ, స్నేహాలూ అలవాట్లూ పరిశీలించి, సమస్యకు మూలం కనిపెట్టి, చికిత్స సూచించాలి. ఆ తర్వాత అట్టవేసి, ఎర్రసిరాతో శీర్షికలు పెట్టి మా మనస్తత్వశాస్త్రం లెక్చరర్ గారికి సమర్పించుకోవాలి. నా తోటివాళ్లంతా తలా ఒక అల్లరి పిల్లవాణ్ణి పట్టుకున్నారు. బందరులో ఆ సరుక్కి కొరత లేదు. నాకు మాత్రం ఊరంతా వెతకడం దండగనిపించింది. సమస్యాత్మక శిశువు మా ఇంట్లోనే ఉన్నాడు. వయస్సు యాభై రెండు. తాలూకా ఆఫీసులో గుమాస్తా. వరసకి నాకు నాన్న.

సమస్య ఏమిటంటే, మా నాన్నకీ గుడివాడలో ఉండే మా మావయ్యకీ నాలుగేళ్లుగా మాటల్లేవు. మావయ్య అంటే మా అమ్మకి స్వయానా అన్న. ఉన్నది ఆయనొక్కడే.

మాటల్లేకపోవడమంటే ఏమిటో తెలియనివాళ్లు, ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడరనీ, ఎదురుపడ్డా నోరు మెదపరనీ అనుకుంటారు. అంత తేలికైన పనైతే ఎవరైనా చేస్తారు. మా వైపు మాటల్లేనివాళ్లు ఒకే చాప మీద కూర్చుంటారు, ఒకే బంతిలో భోంచేస్తారు, కావలసినంత మాట్లాడుకుంటారు కూడా. కాకపోతే ఆ మాట మూడో మనిషి మీదుగా వెళ్లాలి. "ఒరేయ్, ఆయన్ని కాస్త అటు జరగమను" అని ఒకరంటారు. అప్పటికే అటు జరిగిపోయిన రెండో ఆయన, "జరిగానని చెప్పు" అంటారు. మధ్యలో కూర్చున్న మనిషి రెండువైపులా తలకాయ తిప్పుతూ ఉండాలి. మా కుటుంబంలో ఈ ఉద్యోగం నాది. జీతం లేదు, సెలవు లేదు.

గొడవ ఎక్కడ మొదలైందో చెబితే మీరు నవ్వుతారు. మా ఇంట్లో నవ్వితే అన్నం పెట్టేవారు కాదు. నాలుగేళ్ల కిందట మావయ్య తన పెద్దకూతురి పెళ్లి శుభలేఖ పోస్టులో పంపాడు. అంతే. అంచులకి పసుపు రాశాడు, పేర్లు సరిగ్గా వేయించాడు, కింద సొంత దస్తూరీతో 'బావగారూ, తప్పక రావాలి' అని కూడా రాశాడు. కానీ పోస్టులో వేశాడు. చెల్లెలి మొగుణ్ణి పెళ్లికి పిలవడమంటే ఇంటికి రావాలి, కూర్చోవాలి, శుభలేఖ చేతిలో పెట్టాలి, ఆడవాళ్లకి బొట్టు పెట్టాలి, "మీరు లేకపోతే పెళ్లే లేదు" అనాలి. గుడివాడ నుంచి బందరు ఎంత దూరం! పాసింజరు ఎక్కి గుడ్లవల్లేరులో టీ తాగినా పొద్దెక్కకముందే దిగొచ్చు.

మావయ్య వాదన ఆయనకుంది. గుడివాడలో పెద్ద బట్టల కొట్లో ఆయన సేల్సుమన్. ముహూర్తాల రోజుల్లో ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ చీరలు చూపించాలి. సొంత కూతురి పెళ్లికి యజమాని ఇచ్చిన సెలవు తాళి కట్టే టైముకి సరిగ్గా సరిపోయింది.

నాన్న పెళ్లికి వెళ్లలేదు. కాబట్టి అమ్మా వెళ్లలేదు. పెళ్లయిన వారానికి మావయ్య ఆడపడుచుకి పెట్టాల్సిన చీరా, స్వీట్లూ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు కదలకుండా నాతో అన్నాడు: "ఎవరో వచ్చారు. ఏం కావాలో కనుక్కో."

మావయ్య సంచీ అరుగు మీద పెట్టాడు. "అల్లుడూ, ఈ జన్మకి మళ్లీ ఈ గుమ్మం తొక్కనని చెప్పు" అని మెట్లు దిగాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నాన్న పేపరు దించలేదు. పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని తర్వాత ఎవరో అన్నారు. అది అబద్ధం. సరిగ్గానే పట్టుకున్నాడు, నేను చూశాను. చదివాడా అంటే అది వేరే సంగతి.

దివిసీమకి ఉప్పెన వచ్చినప్పుడు కూడా ఈ వ్రతం చెడలేదు. నాన్నని సహాయ కార్యక్రమాలకని అవనిగడ్డ వేశారు. మావయ్య గుడివాడ వీధుల్లో ఇంటింటికీ తిరిగి పాత బట్టలూ, తన కొట్లో అడిగి కొత్త బట్టలూ మూటలు కట్టించి లారీ మీద తెచ్చాడు. చుట్టూ ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయిపోయి, బతికినవాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుని ఏడుస్తున్న చోట, వీళ్లిద్దరూ ఒక లారీ డ్రైవర్ని మధ్యలో నిలబెట్టుకున్నారు. "ఎన్ని మూటలో అడుగు." "నలభై అని చెప్పు." "రసీదు ఎవరి పేరు మీద రాయాలో అడుగు." "తెలియనట్టు అడగొద్దని చెప్పు." ఆ డ్రైవరు తర్వాత నాకు బందరు బస్టాండులో కనపడి, "మీ నాన్నగారూ ఆ బట్టల మావయ్యగారూ ఇద్దరూ మంచోళ్లే బాబూ, కలిపితేనే కష్టం" అన్నాడు. నా రికార్డులో రాసుకున్న మొదటి శాస్త్రీయ పరిశీలన అదే.

సరే, ఉప్పెన వచ్చిన రెండో వేసవిలో మావయ్య రెండో కూతురి పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయి నాకంటే ఆరు నెలలు పెద్దది కాబట్టి వదినైంది, నేను బతికిపోయాను. ఆవిడ కూడా తానే బతికిపోయానంటుంది. పెళ్లికొడుకు అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. ఉప్పెనకి పోయిన ఇంటి కప్పు మళ్లీ వేసుకున్నారు. కొత్త కప్పు కింద మొదటి శుభకార్యం జరగాలని పెళ్లి వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. నలుగూ, పెళ్లికూతుర్ని చెయ్యడం గుడివాడలో. తెల్లారి అందరూ బస్సులో దివిసీమకి.

మావాళ్లలో పెళ్లికూతురికి మొదటి నలుగు మేనత్తే పెట్టాలి. పెద్దమ్మాయి పెళ్లికి మా అమ్మ లేకపోతే వీధి చివర ఉండే ఎవరో ఒకావిడకి వరస కలిపి, మేనత్తని చేసి పెట్టించారు. ఆ వార్త మా అమ్మకి చేరింది. చెరిగిన బియ్యమే మళ్లీ చెరుగుతూ కూర్చుంది. ఇప్పుడిది ఆఖరి కూతురు. మావయ్యకి ఇంక కూతుళ్లు లేరు. ఈ నలుగూ తప్పిపోతే అమ్మకి మరోటి లేదు.

మావయ్య ఈసారి పోస్టుని నమ్ముకోలేదు. అత్తయ్యని పంపాడు. ఆవిడ పాసింజరు దిగి, గుమ్మంలోకొచ్చి, అమ్మకి బొట్టుపెట్టి, శుభలేఖ ఇచ్చి, "వదినా, నలుగు నువ్వే పెట్టాలి" అని చేతులు పట్టుకుంది. నాన్న ఆవిడకి స్వయంగా కుర్చీ వేశాడు, ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగాడు. ఆవిడ వెళ్లగానే అన్నాడు:

"ఆడవాళ్ల పిలుపు ఆడవాళ్లకి. నన్నెవరూ పిలవలేదు."

"శుభలేఖ ఇచ్చారు కదండీ" అంది అమ్మ.

"ఎవరి చేతికి ఇచ్చారు? నీ చేతికి. పిలిచేవాడు వచ్చి పిలవాలి."

"ఆయన గుమ్మం తొక్కనన్నాడు కదా."

"నేను తొక్కొద్దన్నానా?"

మొగుణ్ణి పిలవని పెళ్లికి పెళ్లాం వెళ్లదు. దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి కొట్టేయడానికీ వీల్లేదు. ఇలా మా ఇంటి చట్టం ప్రకారం అమ్మని పిలిచారు, కానీ పిలవలేదు.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. అప్పుడే మాకు క్లాసులో అభ్యసన సూత్రాలు చెబుతున్నారు. రష్యా దేశంలో ఒకాయన కుక్కకి గంట మోగించి మాంసం పెట్టేవాడట. కొన్నాళ్లకి గంట వినగానే కుక్కకి నోరూరేదట. నాకు దారి దొరికింది. మా నాన్నకి రొయ్యల వేపుడంటే ప్రాణం. రొయ్యలు విస్తట్లో పడే క్షణాన 'గుడివాడ' అనే మాట చెవిన పడితే, కొన్నాళ్లకి గుడివాడ అనగానే నాన్నకి కోపం బదులు నోరూరాలి. అమ్మకి సిద్ధాంతమంతా చెప్పాను.

"మీ నాన్నని కుక్కతో పోలుస్తావురా?" అంది.

"శాస్త్రంలో అందరూ ఒకటేనమ్మా."

"అలాగైతే రొయ్యలు నువ్వే ఒలువు."

మొదటి ఆదివారం అమ్మ వడ్డిస్తుండగా, "గుడివాడలో ఎండలెలా ఉన్నాయో" అన్నాను. నాన్న ముద్ద ఆపి నన్ను చూశాడు. రొయ్యలు చూశాడు. తిన్నాడు. రెండో ఆదివారం, "గుడివాడ మావయ్య కొట్టు ముందు కొత్త బోర్డు పెట్టారట" అన్నాను. నాన్న రొయ్యలు నములుతూ శుభలేఖ పోస్టులో వచ్చిన వైనం మొదట్నించీ చివరిదాకా చెప్పాడు. కోపం తిండి మీద పోతుందేమోనని అమ్మ ఇంకో గరిటె వేసింది. మూడో ఆదివారం అదే కథ, ఇంకో రెండు అవమానాలు కలిపి. ఇంకో గరిటె. నాలుగో ఆదివారం నేను క్లాసు నోట్సు చూసుకుంటూ ఏమీ అనడం మర్చిపోయాను. నాన్న కాసేపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఏరా, ఇవాళ గుడివాడ సంగతేమీ ఎత్తవే?"

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. నాన్న తిట్టిన ప్రతిసారీ మేం రొయ్యలు వేశాం. మా పుస్తకంలో దాన్ని పునర్బలనం అంటారు. మామూలు భాషలో చెప్పాలంటే, నెలకోసారి బయటికొచ్చే కోపాన్ని రొయ్యలు పెట్టి మేపి, ప్రతి ఆదివారం వచ్చేలా తయారుచేశాను. నాన్నకి మావయ్య మీద కోపం ఇప్పుడు రుచిగా కూడా ఉంది.

"నీ శాస్త్రం సంగతేమో గాని, రొయ్యలొలిచి నా గోళ్లు పోయాయి" అంది అమ్మ. ఒలిచింది ఆవిడే. నేను శాస్త్రజ్ఞుణ్ణి కదా.

ఇక రోగి రెండో సగం మీద పనిచేయాలని నిశ్చయించుకుని పాసింజరెక్కి గుడివాడ వెళ్లాను. మావయ్య కొట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని గుడ్లవల్లేరు నుంచి వచ్చిన అత్తాకోడళ్లకి చీరలు విప్పుతున్నాడు. నన్ను చూసి కళ్లతోనే కూర్చోమన్నాడు. ఆయన ఏకబిగిన ముప్ఫై చీరలు విప్పాడు. అత్తగారికి ఒక్కటీ నచ్చలేదు. కోడలు ఏమీ మాట్లాడటం లేదు. ఉన్నట్టుండి మావయ్య ఒక చిలకాకుపచ్చ చీర తీసి, విప్పకుండానే వెనక్కి పెట్టేశాడు.

"అదేంటి, అది చూపించలేదే?" అంది అత్తగారు.

"అది వేరేవాళ్లకి తీసిపెట్టిందమ్మా. మీకు వద్దులెండి."

"ముందు చూపించవయ్యా!"

చీర విప్పాడు. కొనేశారు. కోడలి మొహం వెలిగింది. వాళ్లు వెళ్లాక, "ఎలా తెలిసింది మావయ్యా?" అన్నాను.

"ఆ కోడలు దానివైపు మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అత్తని చూసి తల దించుకుంది. ఆ పిల్ల అడిగితే అత్తగారు కొనదు. నేను దాచాననుకో, అత్తగారే అడుగుతుంది."

మా పుస్తకంలో ప్రేరణ మీద పాఠం ముప్ఫై పేజీలుంది. దాన్ని నేను రెండుసార్లు బట్టీపట్టాను. మావయ్య పరుపు మీద చతికిలపడి దాన్ని ఒక చీరతో ముగించేశాడు. అయినా నేను తగ్గలేదు. సహానుభూతి అనే అధ్యాయం తీశాను.

"ఒక్క క్షణం మీరే మా నాన్న అనుకోండి మావయ్యా."

కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "అనుకున్నాను. నామీద నాకే ఒళ్లు మండింది. తర్వాత?"

"తర్వాత... ఆయన మనసులో ఏముందో..."

"పేపరుంది. అల్లుడూ, నువ్వు చదువుకున్నవాడివి, నీ మాట కాదనను. మీ అత్తయ్యని పంపాను. కావాలంటే మా యజమానిని పంపుతాను. బ్యాండుమేళాన్ని పంపుతాను. నేను మాత్రం ఆ గుమ్మం తొక్కను. నాలుగేళ్ల కిందట ఏమన్నాడు నన్ను? ఎవరో వచ్చారు!"

విప్పిన ముప్ఫై చీరలూ మడతపెట్టడం మొదలుపెట్టాడు. పదో చీర దగ్గరనుకుంటాను, తలెత్తకుండా అడిగాడు.

"చెల్లాయి ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"మోకాలి నొప్పి?"

"ఉంది."

తర్వాతి చీర మడత తప్పింది. అంత అనుభవమున్న మనిషికి అలా తప్పకూడదు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు.

పెళ్లి ఇంకా పన్నెండు రోజులుందనగా మా పక్కింటి సాయిబు గారు నన్ను వీధిలో ఆపారు. ఆయనకి రోల్డుగోల్డు నగల పని. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే కాబట్టి మా కుటుంబ చరిత్ర ఆయనకి నాకంటే బాగా తెలుసు. తమ అరుగు మీద గాజులకి మెరుగుపెడుతూనే, "ఏం బాబూ, గుడివాడ వెళ్లొచ్చావంట. పనైందా?" అన్నారు.

నేను చేసిన ప్రయోగాలన్నీ చెప్పాను. నాన్న స్వభావం, మావయ్య అహం, ఇద్దరి రక్షక తంత్రాలు. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బావుంది. మరి అమ్మగారేమంటారు?"

"అమ్మా? అమ్మకి వెళ్లాలని ఉంది. అది తెలిసిందేగా."

"తెలిసిందే అనుకో. అడిగావా అని."

ఇంటికెళ్లి రికార్డు తీశాను. నాన్న మీద పదకొండు పేజీలు. మావయ్య మీద ఆరు. అమ్మ మీద ఒక లైను ఉంది: 'కుటుంబంలోని ఇతర సభ్యులు: తల్లి, గృహిణి.' గృహిణి కింద ఎర్రసిరా గీత కూడా లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అడిగాను, నువ్వేమంటావమ్మా అని. ఇంతకాలానికి అడిగినందుకు ఆశ్చర్యపడుతుందనుకున్నాను. ఒక రాయి ఏరి పారేసింది.

"పెద్దదానికి నలుగు ఎవరో పెట్టారు. దీనికి నేను పెడతాను" అంది.

"మరి నాన్న?"

అమ్మ చేట కింద పెట్టింది. పడక్కుర్చీలో నాన్న మా మాటలు వింటూనే ఉన్నాడు. అమ్మ అటు చూడలేదు.

"మీ నాన్నకి చెప్పు, రేపట్నించి ఆయనకేం కావాలన్నా నీతో చెప్పమని."

పెళ్లయిన పాతికేళ్లలో మా అమ్మ నాన్నతో మాట్లాడకుండా ఉన్నది లేదు. తిట్టింది, ఏడ్చింది, విసుక్కుంది, కానీ అన్నీ మొహం మీదే. మాటల్లేకుండా ఉండటం మా ఇంట్లో అప్పటిదాకా మగవాళ్ల సొత్తు. నాన్న దాన్ని నవ్వుతూ తీసుకున్నాడు. అనుభవమున్న మనిషి. నాలుగేళ్ల రికార్డుంది. రెండు రోజుల్లో అమ్మే దిగొస్తుందని నాతో గుసగుసగా చెప్పాడు కూడా.

మర్నాడు పొద్దున.

"ఏమే, నా కళ్లజోడేది?"

"మేకుకి తగిలించి ఉందని చెప్పరా."

"నాన్నగారూ, కళ్లజోడు..."

"విన్నాన్లే! నాకేం చెవుడా?"

భోజనాల దగ్గర నాన్న విస్తరి ఖాళీ అయింది. అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. మామూలుగా అయితే ఆయన వద్దనేలోపు వడ్డించేస్తుంది. ఇప్పుడు నా వైపు తిరిగి, "ఇంకొంచెం కావాలేమో అడుగు" అంది. నేను అడిగాను. నాన్న బింకంగా వద్దన్నాడు. "వద్దంటున్నాడమ్మా" అన్నాను. "సరే" అని గరిటె గిన్నెలో పెట్టేసింది. నాన్న మొహం చూడాలి. ఆయన జన్మలో మొదటిసారి 'వద్దు' అనే మాటకి వద్దు అనే అర్థం వచ్చింది.

రెండో రోజు నేను కాలేజీకి వెళ్లాను. నాన్న ఆఫీసుకి సెలవు పెట్టాడు, కారణం తెలియదు. మధ్యలో మనిషి లేకపోతే ఏం చేశారో సాయంత్రం సాయిబు గారు చెప్పారు. నాన్న కాఫీ అడిగితే అమ్మ గోడ దగ్గరికొచ్చి, "సాయిబు గారూ, అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాక కాఫీ పెడతానని మావారికి కాస్త చెబుతారా" అందట. ఆయన గోడ మీదుగా చెప్పారట. నాన్న గోడ ఇవతల నిలబడి, "థాంక్సండీ" అన్నాడట. కాఫీ రాలేదు.

ఆ సాయంత్రం నాన్న నన్ను అరుగు మీదికి పిలిచాడు.

"రేపు కాలేజీ మానెయ్."

"మనస్తత్వశాస్త్రం పరీక్షుంది నాన్నా."

"ఆ శాస్త్రంలో ఇలాంటివేమీ చెప్పలేదా?"

"చెప్పారు. కానీ అవన్నీ కుక్కల మీద."

మూడో రోజుకి నాన్న చిక్కలేదు గానీ, చిక్కినట్టు కూర్చోవడం నేర్చుకున్నాడు. నాలుగో రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడకి చెబుతున్నట్టు అన్నాడు: "గుడివాడలో పనుంది. చెప్పులు కొనాలి. వాణ్ణి కూడా రమ్మను." వాణ్ణి అంటే నన్నే. ఎదురుగా నేనే ఉన్నాను. అలవాటైపోయింది పాపం.

బందరులో చెప్పులు దొరకవా అని అడగబోయి ఊరుకున్నాను. పాసింజరులో దారంతా నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గుడివాడలో దిగి మూడు చెప్పుల కొట్లు దాటాం. నాన్న వాటివైపు చూడను కూడా చూడలేదు. సరాసరి బట్టల కొట్టు మెట్లెక్కి, చెప్పులు విప్పి, తెల్లటి పరుపు మీద మావయ్య ఎదురుగా కూర్చున్నాడు.

కొట్టంతా జనం. యజమాని గల్లా దగ్గర్నుంచి చూస్తున్నాడు. వచ్చిన బేరాన్ని పలకరించకపోతే ఆ కొట్లో ఉద్యోగం ఉండదు. మావయ్య నన్ను చూశాడు, నేను మధ్యలో కూర్చుంటానేమోనని. నేను స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. ఆ ఏడాది మొత్తం మీద నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

"రండి, దయచేయండి" అన్నాడు మావయ్య. గొంతు పూర్తిగా కొట్టు గొంతు. "ఏం చూపించమంటారు?"

"చీర."

"ఎవరికండీ?"

"పెళ్లికూతురికి పెట్టడానికి."

"అమ్మాయి రంగెలా ఉంటుంది? ఏ రంగులు కడుతుంది?"

"మీకే తెలియాలి" అన్నాడు నాన్న. "మీ అమ్మాయే కదా."

మావయ్య చెయ్యి చీరల దొంతర మీద ఆగింది. బేరానికొచ్చినవాడితో మాట్లాడటం లెక్కలోకి రాదని ఇద్దరూ అనుకుని ఉంటారు. ఇప్పుడు లెక్క ఎక్కడ మొదలైందో ఇద్దరికీ అర్థం కాలేదు. మావయ్య ఒక చీర విప్పాడు, పక్కన పెట్టాడు. రెండోది. మూడోది. తొమ్మిదో చీర దగ్గర, "ఇవేవీ బాగుండవండీ" అన్నాడు. యజమాని గల్లా దగ్గర్నుంచి తలెత్తాడు. ఆ కొట్లో ఆ మాట అప్పటిదాకా ఎవరూ అని ఉండరు. "లోపలొకటుంది, తెస్తానుండండి" అని మావయ్య లేచి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతిలో ముదురు కుంకుమరంగు చీర ఉంది, కళ్లు కూడా కాస్త అదే రంగులో ఉన్నాయి. గుడివాడ బట్టల కొట్లలో ఆ రోజుల్లో దుమ్ము ఎక్కువ.

చీర నాన్న ముందు పరిచి, రెండు చేతులూ జోడించి, చుట్టూ ఉన్న జనమంతా చూస్తుండగా అన్నాడు:

"బావగారూ, మా రెండో అమ్మాయి పెళ్లి. తమరు తప్పకుండా రావాలి."

నాన్న గడ్డం గోక్కున్నాడు. "ఇంటికొచ్చి పిలవాలి కదండీ."

"పొద్దున్నుంచి కొట్టు కట్టేసేదాకా ఇక్కడే ఉంటానండీ. నా ఇల్లిదే."

"పిలవాల్సింది మా ఇంటికొచ్చి. నేనే మీ దగ్గరికొచ్చి పిలిపించుకున్నట్టుంది."

"వచ్చారుగా మరి."

పక్కన చీరలు చూస్తున్న ఆడవాళ్లు నవ్వారు. నాన్న ఒక్క క్షణం వాళ్లవైపు చూశాడు. పేపరు లేదు కాబట్టి మొహానికి అడ్డం పెట్టుకోవడానికి చీర కొంగే దొరికింది. దాన్ని పైకెత్తి వెలుతురులో నేత చూస్తున్నట్టు నటించాడు. యజమాని మూడు గోళీసోడాలు తెప్పించాడు. ఎవరూ చెప్పులు కొనలేదు.

ఇంటికొచ్చాక నాన్న విజయం సాధించిన మనిషిలా చీర పొట్లం అమ్మ ఎదురుగా పెట్టాడు. అమ్మ విప్పి చూసింది. అంచు చూసింది, కొంగు చూసింది. నా వైపు తిరిగింది.

"బాగుందని చెప్పు."

"అదేమిట్రా!" అన్నాడు నాన్న. "నేను వెళ్లొచ్చాను కదా! పిలుపు అయిపోయింది కదా!"

"నలుగు పెట్టాక చూద్దామని చెప్పు."

అప్పుడు తెలిసింది నాకు, నా ప్రయోగంలో తప్పెక్కడో. నేను పని కాకముందే రొయ్యలు పెట్టాను. అమ్మ పని సగమైనా ఏమీ పెట్టలేదు. రికార్డులో ఈ సంగతి రాయలేదు. ఏడో తరగతి పిల్లవాడొకణ్ణి కల్పించి, వాడికి లెక్కలంటే భయం అంటగట్టి సమర్పించాను. లెక్చరర్ గారు 'లోతైన పరిశీలన' అని రాశారు.

నలుగు రోజు గుడివాడలో మావయ్య ఇంటి పెరట్లో పీట వేశారు. వీధి చివరావిడ కూడా వచ్చింది, పాత అలవాటు కొద్దీ గిన్నె దగ్గరికి వెళ్లింది. అమ్మ మోకాలి నొప్పితోనే లేచి, నవ్వుతూ, "మీరు కూర్చోండి వదినగారూ, మేనత్తని వచ్చానుగా" అని గిన్నె అందుకుంది. పెళ్లికూతురి చెంపలకీ, చేతులకీ, పాదాలకీ నలుగు పెట్టింది. చాలాసేపు పెట్టింది. ఒకసారి పెట్టాల్సిన చోట రెండుసార్లు పెట్టింది. పెద్దదానికి పెట్టాల్సింది కూడా కలిపి పెడుతోందేమోననిపించింది. "అత్తయ్యా, చాలు, చర్మం ఊడొస్తోంది" అని వదిన గోలపెట్టింది. మావయ్య అవతలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, నాన్న ఆయన వెనకాల. ఇద్దరూ ఒకరితో ఒకరు ఏమీ మాట్లాడుకోలేదు. మాటలొచ్చేశాయి కదా, ఇంక ఏం మాట్లాడాలో తెలియలేదు.

తెల్లారి పెళ్లిబస్సు. మావయ్య అందరినీ ఎక్కించి, సామాన్లు సర్ది, ఆఖరికి తాను ఎక్కేసరికి బస్సులో కూర్చునే చోటు లేదు. ముందు ముగ్గురి సీట్లో కిటికీ పక్కన అమ్మ, మధ్యలో నాన్న, చివర నేను. మావయ్య కడ్డీ పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు. ఆయనకి అరవైకి దగ్గర. నాన్న ఎదురుగా చూస్తున్నాడు, మావయ్య కిటికీలోంచి చూస్తున్నాడు. బస్సు పామర్రు దాటింది. అమ్మ చేతులు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఆవిడ మోచేత్తో నాన్నని పొడిచింది.

"ఏవండీ, అలా బిగుసుకుని కూర్చుంటారేం? ఇటు జరగండి. అన్నయ్య కూర్చుంటాడు."

పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట. నాన్న ఎంత తొందరగా జరిగాడంటే అమ్మ కిటికీకి అతుక్కుపోయింది. "కూర్చోండి బావగారూ, కూర్చోండి" అని పరుపు కొట్టినట్టు సీటు కొట్టాడు. మావయ్య కూర్చున్నాడు. ముగ్గురి సీట్లో ముగ్గురే పట్టారు. నేను అవనిగడ్డ దాకా నిలబడి వెళ్లాను.